ఇమ్మా గీసే శిలువ

నేపుల్స్‌లో మా సందువాళ్లకు సూది వేయించుకోవడమంటే ఇమ్మాకొలాటా వంటింటికి వెళ్లడమే. నర్సు చదువేమీ లేదు. అత్తగారు మంచం పట్టిన రోజుల్లో ఆసుపత్రి సిస్టరు దగ్గర నేర్చుకుంది. డబ్బు పుచ్చుకోదు, కాఫీపొడి తెస్తే మాత్రం ఏ రకమో చూసిగాని లోపలికి రానివ్వదు. నోరు మహా చెడ్డది. సందులో అందరి పిర్రలూ చూసిన మనిషి గనక ఎవరూ ఎదురు చెప్పరు.

పొడిచేముందు తడిదూదితో పిర్రమీద శిలువ గీసేది. నిలువుగీత, అడ్డగీత. అది చూసి మా తల్లులు తామూ గుండెలమీద శిలువ వేసుకునేవారు.

పోయిన వసంతంలో ఇమ్మా చెయ్యి విరిగింది. సరిగ్గా అప్పుడే నాకు నడుం పట్టేసింది. లిఫ్టు లేని మేడలకు గ్యాస్‌బండలు మోసేవాణ్ణి, నడుం లేకపోతే కూడు లేదు. డాక్టరు సూదులు రాశాడు. ఇమ్మా ఆడపడుచు ఫిలోమెనా, తాను ఎన్నిసార్లు చూడలేదు గనకా అంటూ ముందుకొచ్చింది. భక్తిగా గాలిలో శిలువ గీసి, మేరీమాతను తలుచుకుని, పిర్ర నడిమధ్యన దించింది.

కాలివేళ్లదాకా కరెంటు కొట్టినట్టయింది. నా కేకకు హడలిపోయి మందు ఎక్కించకుండానే సూది లాగేసింది. పాదం మొద్దుబారిపోయింది. కాలు పోయింది, పిల్లలకేం పెడతానని ఏడ్చాను. అవును, మీసమున్నవాణ్ణే, ఏడ్చాను.

కబురందగానే ఇమ్మా చేతికట్టుతో పరుగెత్తుకొచ్చింది. ఒక్క తిట్టూ తిట్టలేదు. దాంతో నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పస్కాలే, మడమలమీద నిలబడి పాదాల ముందుభాగం పైకెత్తు నాయనా."

గోడ పట్టుకుని ఎత్తాను. రెండూ లేచాయి. మళ్లీ ఎత్తమంది, మళ్లీ లేచాయి. నరం బతికే ఉందంటూ ఇమ్మా కుర్చీలో కూలబడి భోరుమంది. మొగుడి శవం దగ్గర కూడా అలా ఏడవలేదు ఆవిడ. సాయంత్రం డాక్టరు చూసి, నరం చెడలేదు, తిమ్మిరి అదే పోతుందన్నాడు. హమ్మయ్య! ఇంటికొచ్చి పళ్లెం నిండా సేమ్యా తిన్నాను.

ఫిలోమెనా వెక్కుతూనే ఉంది. "శిలువ వేశాను కదా వదినా."

"అది దేవుడికి కాదే పిచ్చిమొహమా. పిర్రను నాలుగు భాగాలు చేసుకోడానికి. పైన, బయటివైపు ముక్కలోనే పొడవాలి. తక్కిన చోట్ల కాలినరం ఉంటుంది."

"మరి చెప్పలేదేం?"

"మీరడిగితేగా. దండం పెట్టుకునేవాళ్లను ఎవరాపుతారు?"

మర్నాడు అమ్మలక్కలందరినీ పిలిపించింది. నన్ను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, కాటుకపెన్సిలుతో గీతలు గీసి, ఒక్కొక్కరిచేతా వేలుపెట్టి చోటు చూపించింది. ఫిలోమెనాచేత రెండుసార్లు. మా ఆవిడ ఏప్రను కొస నోట్లో కుక్కుకున్నంత పనిచేసి, సిగ్గులేదా మీకని అడిగింది. బల్ల చివర నా పాదం ఆడుతోంది. నేనే ఆడిస్తున్నాను. ఇంకా నేర్చుకోనివాళ్లెవరైనా ఉంటే పిలుచుకు రమ్మన్నాను.