మగ్దలీనమ్మ రాయి

మార్కాపురంలో పలకల పని చేసినవాళ్లకి ఒక అలవాటుంటుంది. రాయి కనబడితే చాలు, వేలు మడిచి రెండుసార్లు తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపలెక్కడో పగులుందని అర్థం, పక్కన పడెయ్యాల్సిందే. జీవానందానికి ఈ అలవాటు ముదిరి పిచ్చిలోకి దిగింది. సంతలో గుమ్మడికాయ తడతాడు. సరే, అది అందరూ తట్టేదే. టీకొట్టు బెంచీ తడతాడు, ఆగి ఉన్న బస్సుని తడతాడు, సొంత ఇంటి తలుపైనా తట్టందే లోపల కాలు పెట్టడు. పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా!

ఆ తలుపు తట్టినప్పుడల్లా భార్య మగ్దలీనమ్మ లోపలి నుంచి ఒకటే మాట అనేది.

"పగల్లేదులే, రా."

పెళ్లయిన కొత్తలో ఎగతాళికన్న మాట. జుట్టు నెరిసినా ఆ మాట మారలేదు. ఆమె కూడా ఫ్యాక్టరీలో పలకలు నునుపు చేసేది. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి, రెండేళ్ల కిందట పోయింది. పిల్లలు లేరు. ఇప్పుడాయన తలుపు తట్టడం మానేశాడు. తాళం తీసుకుని లోపలికి పోతాడు. ఇల్లు బావురుమంటుంది. "టీ పెడతావా" అని అలవాటుకొద్దీ పైకే అనేసి, తనకి తనే సిగ్గుపడి స్టవ్ వెలిగించుకుంటాడు.

సమాధుల తోటలో సగం రాళ్లు ఆయన చెక్కినవే. పైన సిలువ, మధ్యలో పేరు, కింద ఒక బైబిలు వాక్యం. ఊరందరికీ చెక్కిన మనిషి, సొంత భార్య సమాధిని మాత్రం మట్టిదిబ్బగానే వదిలేశాడు. నలుగురికీ చెక్కిన ఆ నాలుగు ముక్కలే ఆమెకీ చెక్కడానికి చెయ్యి రాలేదు. ఆమె రూపం చెక్కాలని ఆయన ఆశ. తీరా ఆ రూపమే అందడం లేదు. ఉన్న ఒక్క ఫోటో ఆధార్ కార్డులోది. అందులో మగ్దలీనమ్మ చెయ్యని దొంగతనానికి పట్టుబడినట్టు బిక్కచచ్చి చూస్తుంటుంది. కళ్లు మూసుకుంటే ఆమె గొంతు వినబడుతుంది గాని, ముఖం మాత్రం రోజురోజుకీ చెరిగిపోతోంది. తన చావుకి కూడా భయపడని మనిషి దీనికి భయపడ్డాడు. రాయి మీదైనా నిలపకపోతే ఆమె మొత్తానికే పోతుందని ఆయన దిగులు.

పైగా పాస్టరు రాజ్ కుమార్ అయ్యగారు ముందే అడ్డం చెప్పారు.

"సమాధి మీద మనిషి రూపం వద్దు అన్నా. రూపం చెయ్యొద్దని వాక్యంలో ఉంది గదా. ఈ రోజు నీకు సరేనంటే, రేపు ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ పెడతామంటారు. అప్పుడు నేనేం చెప్పాల?"

 ఎదురు చెప్పడానికి జీవానందం చేతిలో రూపం ఉంటే గదా.

ఈస్టరు ఇంకో నెలకి వస్తుందనగా హైదరాబాదు నుంచి కబురొచ్చింది. అరుణకుమారి అని, గిద్దలూరు అమ్మాయి, అక్కడ ఒక గ్యాలరీలో పని చేస్తుంది. కెనడాకి ఉత్తరాన మంచు నేలలో బతికే ఇన్యూట్ జనం గీసిన బొమ్మలూ, చెక్కిన రాళ్లూ అక్కడికి ప్రదర్శనకొచ్చాయి. ఆ శిల్పాల కింద వెయ్యడానికి నల్ల పలకరాయి కావాలంది. రాళ్లతో పాటు వాటిని అమర్చడానికి జీవానందం కూడా లారీ ఎక్కాడు.

పని మధ్యాహ్నానికే అయిపోయింది. తిరుగు లారీకి ఇంకా పొద్దుంది. జనం రావడం మొదలైంది. ఆయన ఒక ఎలుగుబంటి దగ్గర ఆగిపోయాడు. ఆకుపచ్చ రాతి ఎలుగుబంటి, ఒంటికాలి మీద చిందులేస్తోంది. అంత బరువూ ఆ ఒక్క కాలి మీద ఎట్లా నిలిచిందో అంతుబట్టక చుట్టూ తిరిగి చూశాడు. ఆ తర్వాత జరిగింది ఆయన చేశాడనడం కన్నా ఆయన వేలు చేసిందనడం న్యాయం. టక్, టక్.

"ఏయ్! ముట్టుకోవద్దు!"

గార్డు పరుగెత్తుకొచ్చాడు. హాలు మొత్తం ఇటు తిరిగింది.

"పగులుందేమోనని చూసినా సార్" అన్నాడు జీవానందం. ఆ మాట ఆయన చెవికే వెర్రిగా వినబడింది. తల కొట్టేసినట్టయింది.

ఎలుగుబంటికి ఏమీ కాలేదు. అరుణకుమారి వచ్చి గార్డుకి సర్దిచెప్పి, "పెద్దనాయనా, లారీ వచ్చేదాకా నువ్వు ఆ పక్కగదిలో కూర్చో. నేను పిలుస్తా" అంది. మర్యాదగానే అంది. ఎంత మర్యాదగా పంపినా పంపించడం పంపించడమే.

ఆ గదిలో ఎవరూ లేరు. ఒక బెంచీ, దాని ఎదురుగా గోడకి దుప్పటంత కాగితం. రంగు పెన్సిళ్లతో గీసిన బొమ్మ. దాంట్లోనూ ఎలుగుబంటే ఉంటుందనుకున్నాడు. చూస్తే వంటిల్లు! స్టవ్ మీద కెటిల్, బల్ల మీద సగం చించిన బిస్కెట్ల పొట్లం, గోడకి గడియారం, గుమ్మం దగ్గర ఒక జత బూట్లు, అందులో ఒకటి పక్కకి ఒరిగి ఉంది. మనిషి మాత్రం లేదు. అయినా ఆ ఇంటామె ఇప్పుడే లోపలికి వెళ్లిందనీ, తను చుట్టపుచూపుగా వచ్చి కూర్చున్నాననీ అనిపించింది జీవానందానికి. రెండేళ్లలో మొదటిసారి ఆయనకి ఒక ఇంట్లో కూర్చున్నట్టుంది. కళ్లు తుడుచుకున్నాడు.

అరుణకుమారి వచ్చేసరికి ఇంకా దాన్నే చూస్తున్నాడు.

"ఎవరిల్లు తల్లీ ఇది?"

"గీసినామెదే పెద్దనాయనా. ముందంతా ఎలుగుబంట్లు, వేటలు ఎక్కువ గీసేవాళ్లంట. ఇప్పుడు ఇట్ల ఇల్లు, వంటిల్లు, టీవీ, ఏం కనబడితే అది గీస్తన్నారు."

"మనిషిని గియ్యలేదేంది?"

"ఏమో. ఎటన్నా పోయిందేమో."

"లేదులేమ్మా" అన్నాడు జీవానందం. "ఇంట్లోనే ఉండాది."

ఊరికొచ్చి ఉన్నవాటిలోకెల్లా మంచి రాయి తీశాడు. ముఖం కోసం ఇక వెతుక్కోలేదు. స్టవ్ చెక్కాడు, దాని మీద మసిబారిన టీగిన్నె, బోర్లించిన రెండు గ్లాసులు, ఆమె కూర్చునే పీట, గోడకి సంఘం వాళ్లిచ్చిన క్యాలెండరు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు. కింద పేరు. ఉలి పట్టినన్నాళ్లూ ఆమె ఆ వంటింట్లోనే మసిలింది. పని ఆఖరికొచ్చేకొద్దీ ఆయనకే చెయ్యి నెమ్మదించింది.

అయ్యగారు చూడ్డానికొచ్చారు.

"రూపం ఉందేమో చూడండి అయ్యగారూ."

రాజ్ కుమార్ వంగి చూశారు. మూల మూలా వెతికారు. చెప్పుల దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఎడమ చెప్పు వారు తెగితే మగ్దలీనమ్మ పిన్నీసు పెట్టుకునేది. ఆ పిన్నీసు కూడా చెక్కాడు జీవానందం.

"ప్రతి ఆదివారం మందిరం గుమ్మం దగ్గర చూసినవే గదన్నా ఇవి" అన్నారు. లేచి నిలబడి, "పెట్టుకో. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా" అన్నారు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోట నిండా కొవ్వొత్తులు. పండక్కి సమాధులకి కొత్తగా వేసిన సున్నం వాసన. పాటలు పాడుకుంటూ వచ్చిన ఆడవాళ్లు రాయి చూసి, "మగ్దలీనక్క వంటిల్లే గదమ్మా" అని కళ్లొత్తుకున్నారు. తెల్లవారాక అందరూ ఆరాధనకి వెళ్లిపోయారు. జీవానందం ఒక్కడే మిగిలాడు.

వంగి, వేలు మడిచి, రాయిని రెండుసార్లు తట్టాడు. ఖంగుమంది. మంచి రాయి. చెప్పులు విడిచి ఓ పక్కగా నిలబడ్డాడు. కాసేపటికి గాని తెలియలేదు, తను ఎదురుచూస్తున్నానని.

మందిరం గంట మోగింది. ఆయన కదల్లేదు.

"పగల్లేదులే" అని తనే మెల్లగా అన్నాడు. ఆ తర్వాతి మాట ఆమె అనాల్సింది.