పాలబిళ్ల మీది దూడ

గరిఫాలియా మెడలో వేలాడే నల్లటి పాలబిళ్ల అత్తగారిచ్చింది. చిక్కుడు గింజంత ఉంటుంది. దాని మీద దూడకు పాలిస్తున్న ఆవు చెక్కి ఉంది. ఎప్పుడో దుక్కి చాలులో దొరికిందట. క్రీటు దీవిలోని ఆ కొండ ఊళ్లో, పాలు బాగా పడాలని కట్టే అలాంటి బిళ్ల బాలింత మెడలో లేకపోతే ఊరంతా బుగ్గలు నొక్కుకునేది.

బిళ్లలో దూడ ఏ పక్కనుంటే బిడ్డకు ఆ పక్కే ముందు పాలు పట్టాలని అత్త ఎర్గినా ఆన. దూడ ఎడమన ఉంది. తొలి కాన్పు కావడంతో గరిఫాలియా ఆ మాట జవదాటలేదు. నలభై రోజుల పిల్ల ఎడమ పక్క గుంజి గుంజి, కుడికి మార్చేలోపే సోలిపోయేది. కాసేపటికే ఆకలితో లేచి గుక్కపట్టేది. ఒళ్లు చేయడం మానేసింది.

"బిళ్లని వీపు మీదికి తిప్పుకున్నావేమో, పాలు ఎండవూ?" అంది అత్త.

"లేదత్తయ్యా, నిద్దట్లో కూడా పట్టుకునే ఉంటున్నా."

"అయితే నీ చెయ్యే మంచిది కాదు."

ఆ ఆదివారం భర్త మనూసోస్ తను కూలికెళ్లే పాత శిథిలాల తవ్వకాల పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన బిళ్లను ఎండకు పట్టి చూశాడు.

"ఇది ముద్రమ్మా. మూడున్నర వేల ఏళ్ల నాటిది. దీన్ని మట్టి మీద ఒత్తి సరుకుకి గుర్తు వేసేవాళ్లు."

"ఎవరండీ?"

"ఇక్కడ మేడలు కట్టినవాళ్లు. తమని తాము ఏమని పిలుచుకునేవాళ్లో తెలీదు. వాళ్ల రాత దొరికింది కానీ చదవడం ఎవరికీ రాదు."

"మరి పాల సంగతి?"

"అదీ తెలీదు."

"ఏదీ తెలీదట, టోపీ మాత్రం ఇంత!" అని అత్త గొణిగింది.

ఆయన బిళ్లను మైనం మీద ఒత్తి తీశాడు. గరిఫాలియా వంగి మైనంలోని అచ్చు చూసింది. దూడ కుడి పక్కన ఉంది.

"అటెలా వెళ్లింది?"

"ముద్రను తిరగేసి చెక్కుతారు. ఒత్తితే పడేదే అసలు బొమ్మ."

ఆమె బిళ్లను తీసుకుని లోపలికి వెళ్లి పిల్లను కుడి పక్కకు వేసుకుంది. గడ్డకట్టిన రొమ్ము సలుపుతుంటే పళ్లు బిగబట్టింది. పిల్ల గుటకలు వేసింది. పెదాల నుంచి పాలు కారాయి.

"చూశావా బిళ్ల మహిమ!" అంది అత్త గుమ్మంలోంచి.

"ఏం మహిమ? ఇన్నాళ్లూ తప్పు పక్క చెప్పావు," అన్నాడు మనూసోస్.

"రెండు పక్కలా పట్టు తల్లీ, బిళ్లతో పనే లేదు. దాన్ని నాకివ్వు," అన్నాడు పెద్దమనిషి.

ముగ్గురి మాటా నిజమేననిపించింది. ముగ్గురి మీదా నమ్మకం కుదరలేదు. గరిఫాలియా బిళ్లను రవికెలోకి దోపుకుంది.

"పిల్ల పాలు మానాక రండయ్యా, ఇస్తా," అంది. "ఆ మైనం ముక్క మాత్రం ఉంచి వెళ్లండి. బిళ్లేమో ఎడమంటోంది, మైనమేమో కుడంటోంది; రేపు ఏ పక్క మొదలెట్టాలో నాకేం తోచడం లేదు."