ఇటలీవాడి మీద కోపంతో హారతి మీద ఒట్టు

నా పరువు తీసినవాళ్ళ జాబితా రాయమంటే మొదటి పేరు నాదే. రెండోది ఒక ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడిది. పేరు చెప్పను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. వాడెక్కడో క్లబ్బు మారితే, ఇక్కడ యాంగోన్‌లో, మా పజుండౌంగ్ వీధుల్లో నేను తలెత్తుకు తిరగలేకపోయాను. ఎలాగో చెబుతాను, నవ్వండి. పేటంతా నవ్వింది, మీరొక్కరు మానడం దేనికి?

వాడు డిఫెండరు. నేనూ డిఫెండర్నే. పజుండౌంగ్ తెలుగువాళ్ళ జట్టులో వెనక నిలబడి, బంతినో, బంతి తెచ్చినవాడి కాలినో ఆపడం నా పని. వాడి క్లబ్బుల చరిత్ర నాకు మా తాతల పేర్ల కంటే బాగా తెలుసు. చిన్నప్పుడే ఒక పెద్ద క్లబ్బులో చేరాడు. మొదట్లో రెండు చిన్న ఊళ్ళ క్లబ్బులకు అప్పుగా పంపితే ఆడి తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకటే చొక్కా, చివరికి కెప్టెన్ కూడా. "ఈ క్లబ్బే నా ఇల్లు" అన్నాడు. నేను నమ్మాను. మా ఆవిడ మాట కూడా అంత నమ్మలేదు.

ఒక ఉదయం టీ కొట్టులో మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తింటూ ఫోను చూస్తే, వాడు అదే ఊళ్ళోని పగవాళ్ళ క్లబ్బు చొక్కా పట్టుకుని ఇకిలిస్తున్నాడు! చెంచా బల్లకేసి కొట్టాను. పులుసు లేచి ఎదురుగా కూర్చున్న మా కోచ్ ఊ అప్పలస్వామి చొక్కా మీద పడింది. బర్మాలో పేరు ముందు పెద్దవాళ్ళకు ‘ఊ’, ఈడువాళ్ళకు ‘కో’ తగిలిస్తారు లెండి.

"ఏటైనాదిరా రమణా? ఎవులైనా పోనారేటి?"

"పోనాడు మావా! సిగ్గూ సెరం ఒగ్గీసి పగోళ్ళ కాడికి పోనాడు!"

"ఎవుడు?"

"ఇటలీవోడు!"

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఆడెల్తే నీకేటిరా? ముందు నా సొక్కా తుడు."

తుడిచానా? లేదు. అమ్మవారి పండగకు మాకూ ఏటి అవతలి తన్లిన్ తెలుగు జట్టుకూ ఏటా పందెం. రేపు మాలోనూ ఎవడో ఒకడు వంతెన దాటి అటు చేరడని నమ్మకం ఏమిటి? ఆ సాయంత్రమే జట్టు మొత్తాన్ని అమ్మవారి గుడికి లాక్కుపోయాను. ప్రాణం పోయినా వేరే జట్టుకు ఆడబోమని హారతి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యాలన్నాను.

"ఆటకి అమ్మోరెందుకు బాబూ?" అన్నాడు పూజారి.

"మీరు ఎలిగించండి!"

మా గోల్‌కీపర్ కో సాన్ తల్లి బర్మా ఆవిడ. అతనికి తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం నాలుగు మాటలే. ఆ నాలుగూ అప్పుడే వాడాడు. "కో రమణా, టీమే తీసీస్తే ఏటి?"

"తీసీసినా సరే! ఇంటికాడ కూకోవాల గానీ ఆ గడప తొక్కకూడదు!" అని అరిచి, అందరికంటే ముందు నేనే చెయ్యి పెట్టాను. చర్రుమంది. కోపంలో పట్టించుకోలేదు.

పండగ మూడు వారాలుందనగా కోచ్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఈపాలి నువ్వు గట్టుమీద కూకో."

"నన్ను తీసీసినారా?"

"తీయనేదురా. ఆడించటం నేదు, అంతే. కాళ్ళు బరువైపోనాయి నీకు."

ఎనిమిదేళ్ళు ఆడాను ఆ జట్టుకి! ఉడికిపోతూ ఇంటికొచ్చి ఫోను తెరిస్తే ఇటలీవాడి మాటలు కనిపించాయి. వాడు వెళ్ళలేదట. వయసైపోయిందని క్లబ్బే వద్దందట. పిల్లల చదువు కోసం ఆ ఊళ్ళోనే ఉండాలంటే, పిలిచింది పగవాళ్ళొక్కరేనట. ఓరి దౌర్భాగ్యుడా, ఆ మాట ముందే ఏడవొచ్చు కదా! నా అరచెయ్యి అయినా మిగిలేది.

మర్నాడే తన్లిన్ కెప్టెన్ ఫోను. "కో రమణా, మాకు ఎనకాల ఆడ్డానికి మనిషి నేడు. వొచ్చీ."

ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది. గట్టుమీద కూర్చుని మంచినీళ్ళు అందించడమంటే నాకు చావే. ఒట్టు తీసెయ్యమని పూజారి కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఆ రోజు ఒట్టేసినోళ్ళందరూ వొచ్చి ఒప్పుకోవాల. అప్పుడు అమ్మోరు ఒగ్గేస్తాది" అన్నాడు.

మళ్ళీ అందర్నీ గుడికి పిలిచాను. ఏడుస్తారనుకున్నాను. "నువ్వు లేకపోతే మేమెలాగ" అని చేతులు పట్టుకుంటారనుకున్నాను. అందుకే గొంతు బొంగురు చేసుకుని మరీ చెప్పాను: "నన్ను తన్లిన్‌కి ఆడనివ్వండి."

ఎనిమిదేళ్ళు నా వెనకే నిలబడి గోల్ కాసిన కో సాన్ నెమ్మదిగా అడిగాడు. "తన్లిన్‌కా? ఎనకాలే ఆడతావా? నిజంగా?"

"ఔను."

కర్పూరం బిళ్ళ కోసం జట్టు జట్టంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనక నుంచి కోచ్ కేక: "బేగి ఎలిగించండ్రా! తన్లినోల్లు మనసు మార్చీసుకుంటారు!"

అందుకే ఆ రోజే ఓ నియమం పెట్టుకున్నాను. ఎవడు జట్టు మారినా, కొలువు మారినా, ముందు వాణ్ణి ఎవరు గెంటారో కనుక్కుంటాను. ఆ తర్వాతే తిడతాను. తిట్టడం మాత్రం మానను. ఇది ఒట్టేసి చెప్పడం లేదు, ఊరికే చెబుతున్నాను.