మెట్ల పక్కన సీటు

తిరుమలగిరిలో మా ఆఫీసు ఒక పాత మేడ. లిఫ్టు లేదు. పోలియోతో చిన్నప్పుడే నా ఎడమకాలు చచ్చుబడింది, చంకలో కర్ర లేనిదే అడుగు పడదు. అందుకని నా టేబుల్ కింది అంతస్తులో, మెట్ల పక్కన వేశారు. టీమ్ లీడర్లు, మీటింగులు, ఆఖరికి టీ మిషను కూడా పైనే. నా దాకా వచ్చేసరికి టీ చల్లారిపోయేది.

బయటివాళ్ళు ఆఫీసు చూడటానికి వస్తే మాత్రం నా దశ తిరిగేది. నా టేబుల్ గుమ్మానికి ఎదురుగా వచ్చేది, పక్కన ఒక పూలకుండీ. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు ఉండేది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ మెట్ల పక్కకే.

మొన్న వేసవిలో యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఉద్యోగాల్లో నాలాంటి వాళ్ళను ఎలా చూస్తున్నారన్నది ఆమె పరిశోధన.

"మేడమ్, ఇక్కడ మీకేమన్న తక్లీఫ్ ఉందా?" అని అడిగింది.

మేనేజర్ అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పుడే టీమ్ లీడర్ పోస్టుకు పేర్లు చూస్తున్నారు. ఏళ్ళ తరబడి దాని కోసమే ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. నోరు జారితే అంతే సంగతులు.

"ఏం లేదమ్మా. కింద మంచిగనే ఉంది," అన్నాను. లోపల మాత్రం మండిపోతోంది.

పోస్టు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చారు. మేనేజర్ కిందికి దిగినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఏంది సార్, గిట్ల చేసిన్రు?"

"లీడర్ పైన కూసోవాలె గద మేడమ్. కింద మంచిగుందని మీరే అంటిరి."

"మీటింగులు కిందనే పెడితే ఏమైతది?"

"ఒక్కరి కోసం అందరం దిగాల్నా?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు రాజీనామా రాసి మొహాన కొట్టాలనిపించింది. కానీ మెట్టుగూడలో నా జీతం మీదే నడిచే ఇల్లు ఉంది. ఈ కాలుతో ఇంకో ఉద్యోగం ఎక్కడ వెతుక్కోను?

కొన్నాళ్ళకు ఆ పరిశోధన అమ్మాయి ఇంటికి ఫోన్ చేసింది.

"మీరు చెప్పిందే రాస్తున్న మేడమ్. ఏమన్న మార్చాల్నా? ఇప్పుడు నిమ్మళంగ చెప్పున్రి. మీ పేరు రాయను. కర్రతో నడిచే ఉద్యోగి అని మాత్రం రాస్తా."

చెప్పాలనే నోరు తెరిచాను. మా ఆఫీసులో కర్రతో నడిచేది నేనొక్కదాన్నే.

"అట్లనే ఉండనియ్యమ్మా," అన్నాను.