మస్తాన్ భాయ్ గైలార్డియా మడి

నిన్న జగిత్యాల నర్సరీలో ఒక కుండీని పక్కకు జరుపుతుంటే గరుకు ఆకొకటి వేళ్లకు తగిలింది. చూడకుండానే గైలార్డియా అని తెలిసిపోయింది. ఎర్రటి పూలు, పసుపు అంచులు. చాలా ఏళ్ల తర్వాత మస్తాన్ భాయ్ నా పక్కనే నిలబడినట్టయింది.

సౌదీలోని రాస్ తనూరాలో మా తోటపనికి ఆయన ఫోర్‌మన్. కడప వైపు మనిషి. ఉప్పుగాలికి గులాబీలు మాడిపోయే చోట, రోడ్డు వారన ఇసుకలో ఆయన గైలార్డియా మడి వేశాడు. వానలు సరిగా పడని అమెరికా గడ్డి మైదానాల్లో తనంతట తాను పెరిగే మొక్క అని చెప్పేవాడు. కొత్తలో నేను జాలిపడి నీళ్లు దండిగా పెడుతుంటే చేయి పట్టుకుని ఆపాడు. "దప్పి నీకైతాంది రాజేశం, దానికి కాదు. ఇసుకలో వేలు పెట్టి చూసి నీళ్లు పొయ్యి," అన్నాడు. నారింజ రంగు సీతాకోకచిలుకలు మడి మీద వాలినప్పుడు మమ్మల్ని పిలిచి, పని ఆపి చూడమనేవాడు. పని ఆపమన్న ఫోర్‌మన్‌ను నేను మరెక్కడా చూడలేదు.

నితాకత్ అనే సౌదీ ప్రభుత్వ నియమం వచ్చాక కంపెనీలో సౌదీ వాళ్ల సంఖ్య పెంచాల్సి వచ్చింది. ఫోర్‌మన్ పనికి ఫహద్ అనే ఆయనను తీసుకున్నారు. రెండు నెలలు మస్తాన్ భాయే అతనికి పని నేర్పాలి. అతను నేర్చుకుంటే భాయ్‌కి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడమే. అతనికి చేతకాకపోతే భాయ్ ఉంటాడు. అయినా భాయ్ ఏదీ దాచకుండా నేర్పాడు. అదెందుకో నాకు అర్థం కాలేదు. కొంచెం దాచుకోమని చెప్పి చూశాను. విననట్టే ఫహద్‌ను పిలిచి నారు తీయడం చూపించాడు.

చివరికి నేనే ఒక పని చేశాను. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే వేళ, వారం రోజుల పాటు, ఫహద్‌కు అప్పజెప్పిన ఆ మడికి నీళ్లు వదిలాను. మొక్కల మొదళ్లు కుళ్లిపోయాయి. మేనేజరు వచ్చి తప్పెవరిదని ఫహద్‌ను నిలదీశాడు. మస్తాన్ భాయ్ ఒక మొక్క పీకి, వేర్లు వాసన చూసి, కాసేపు నా వైపే చూశాడు. తర్వాత, నీళ్ల కొలత తానే తప్పు చెప్పానని మేనేజరుతో అన్నాడు.

పది రోజుల్లో ఆయన ప్రయాణం ఖాయమైంది. సంచి సర్దుకుంటుంటే వెళ్లాను.

"ఎందుకట్ల చెప్పినవు భాయ్? నీ కోసమే చేసిన నేను."

"తెలుసులే. ఆయప్ప, ఆ ఫహద్, ఏం చేసినాడు నీకు?" అన్నాడు. కోపం లేదు. "ఇద్దరూ కలిసి మళ్లా నారు పోసుకోండి."

పోశాం. మొలిచింది. భాయ్ అంతకుముందే ఇంటికి పోతానని అడిగి పెట్టుకున్నాడని ఒకరన్నారు. కాదు, ఊళ్లో పని దొరక్క చాలా అవస్థ పడ్డాడని ఇంకొకరు. ఏది నిజమో తేల్చుకోలేకపోయాను. ఆయన కాపాడింది ఫహద్‌నా, నన్నా అన్నదీ తేలలేదు. ఫహద్ కింద నాలుగేళ్లు పనిచేశాను. మంచివాడు. మస్తాన్ భాయ్ పేరు గౌరవంగా ఎత్తేవాడు. గొప్ప పనిమంతుడని, ఆ ఒక్కసారే కొలత తప్పాడని కొత్తవాళ్లకు చెప్పేవాడు. నేను పక్కనే ఉండేవాణ్ని. కొలత తప్పలేదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.