నలభై ఒకటో పేజీ మీది చీటీ

మా అక్క బళ్ళో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేది. పంతొమ్మిదేళ్ళు చెప్పింది. పిల్లలు ఆవిణ్ణి అరచేయి టీచర్ అనేవారు. కొడుతుందని కాదు. వాక్యంలో కర్త ఏదో, దానికి తగ్గ క్రియ ఏదో తేలక వాళ్ళు బిక్కమొహాలు వేస్తే, బోర్డు మీద మధ్య మాటల్ని అరచేత్తో మూసేసేది.

"బంచ్ ఆఫ్ కీస్. ఇదిగో, 'ఆఫ్ కీస్' మూసేశాను. ఏం మిగిలిందిరా?"

"బంచ్, టీచర్."

"ఒకటా, వందా?"

"ఒకటే, టీచర్."

"మరి 'ఈజ్' అనడానికి నోరు రాదేం? తాళాల గుత్తి బల్ల మీద ఉంది అంటావా, ఉన్నాయి అంటావా?"

తరగతి గొల్లుమనేది. అదే చేత్తో ఇంటికొచ్చి నా వీపు చరిస్తే, నల్లచొక్కా మీద అయిదు వేళ్ళూ సుద్దతో అచ్చుపడేవి.

ఆ బడి కరస్పాండెంటు ఒక గైడు రాసి, అట్ట మీద తన ఫొటోతో అచ్చేయించాడు. నలభై ఒకటో పేజీలో సరిగ్గా ఆ వాక్యానికే 'ఆర్' అని జవాబు. అక్క వెళ్ళి చెప్పింది. వచ్చే ఏడు చూద్దామన్నాడు. పదో తరగతి పిల్లలకి పరీక్ష ఈ ఏడు. అక్క తెల్లకాగితాన్ని సన్నటి చీటీలుగా కత్తిరించి, 'ఈజ్' అని రాసి, రెండు సెక్షన్ల పుస్తకాల్లోనూ తప్పు మీద అతికించింది. వంటింట్లో కూర్చుని నేనూ కత్తిరించాను.

వారానికల్లా ఆయన పిలిపించాడు.

"నా పుస్తకానికే మాసికలు వేస్తారా మేడమ్?"

"చిరిగింది కాబట్టి వేశాను సార్."

"పీకించండి."

"నా వల్ల కాదు సార్."

ప్యూను చేత పీకించాడు. చీటీలతో పాటు కాగితమూ చిరిగింది. అక్కని పదో తరగతి నుంచి తీసి, ఏబీసీడీలు దిద్దించడానికి ఒకటో తరగతిలో పడేశాడు. పదో తరగతి గది ముందు నుంచి నడవలేక ఆవిడ రెండేళ్ళపాటు వెనక మెట్లెక్కింది. తర్వాత గుండె ఆగి పోయింది. చావుకి ఆయన కారణమని నేననను. ఆ రెండేళ్ళకి మాత్రం ఆయనే కారణం.

సంతాప సభకి అధ్యక్షుడూ ఆయనే! "మేడమ్ మా బడికి వెన్నెముక" అని, తడి లేని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గైడు కొత్త ముద్రణ అక్కకే అంకితమట. వేదిక మీదికి పిలిచి నా చేతిలో పెట్టాడు. మొదటి పేజీలో అక్క ఫొటో.

నేను నలభై ఒకటో పేజీ తీశాను. 'ఆర్'. అలాగే ఉంది.

అక్క కళ్ళజోడు పెట్టెలో చీటీలు కొన్ని మిగిలాయి. ఆవిడ చేతిరాత కదా అని జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఒకటి తీశాను.

"ఏమిటండీ అది?" అన్నాడాయన.

"మాసిక సార్. గమ్ ఉందా?"

మైకు ఆపలేదెవరూ. హాలంతా వినబడింది. ఆయన ఇవ్వలేదు. గమ్ సీసా చివరి వరసలోంచి, ఒకప్పటి పదో తరగతి పిల్లల చేతులు మారుతూ వచ్చింది.