కుట్టులోకి పోయిన మాటలు

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలోంచి ఒక ఉర్దూ పుస్తకం తీసి, ఏదో ధ్యాసలో తెలుగు పుస్తకం తెరిచినట్టు తెరిచాను. అమ్మే ముసలాయన "గట్ల కాదమ్మా, గీ దిక్కు నుంచి" అని తిప్పి చేతికిచ్చాడు. నాకు తెలియని సంగతి కాదు, తెలియాల్సినప్పుడు తెలియని సంగతి. ఏమీ కొనకుండా ఇంటికి వచ్చేశాను.

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు నాన్నగారి ఆఫీసు వెంట మేమూ సామాన్లతో దిగి, నాంపల్లిలో ఒకరింట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇంటి తాతగారు రిటైరైన అర్థశాస్త్రం మాస్టారు. పాత హైదరాబాదు హిందువుల ఇల్లు. ఇంట్లో తెలుగు, చదువంతా ఉర్దూ, దానికి తోడు ఫారసీ, అరబ్బీ. పొద్దున్నే పూజ ముగించి, చాయ్ తాగి, ముస్లిం పండితుల్లో అర్థశాస్త్ర ఆలోచన ఎలా పుట్టి పెరిగిందో ఉర్దూలో రాయడానికి కూర్చునేవారు. మా అమ్మకిది బొత్తిగా మింగుడుపడేది కాదు. "బొట్టు పెట్టుకుని ఆ జకాతు గొడవ మీకెందుకండీ బాబాయిగారూ?" అనేది. "అంగట్ల బేరం చేసెటప్పుడు నీ దేవుడెవరో అడుగుతరా అమ్మా?" అని ఆయన నవ్వేవారు.

నేను ఎమ్మే అర్థశాస్త్రంలో చేరాక ఆయనకు శ్రోత దొరికింది. "మీ పుస్తకాలు రెండొందల ఏండ్ల కింద మొదలైతయి బిడ్డా. గంతకు ముందు మనుషులు బేరాలే చెయ్యలేదా ఏంది?" అంటూ మొదలుపెట్టేవారు. వడ్డీ కూడదన్న మాట, ఉన్నవాళ్లు ఏటేటా పేదల వాటా తీసిపెట్టాలన్న జకాతు నియమం, ఖలీఫా అడిగితే భూమిశిస్తు న్యాయంగా ఎలా వెయ్యాలో రాసిచ్చిన న్యాయమూర్తి, బజారులో తూకాలు తనిఖీ చేసే అధికారి, సరుకు తగ్గి ధర పెరిగితే అది వర్తకుడి దుర్మార్గమే కానక్కర్లేదన్న పండితుడు. రాజ్యం ముసలిదయ్యేకొద్దీ పన్నులు పెరిగి రాబడి తగ్గుతుందని ఆరువందల ఏళ్ల కిందటే చెప్పిన చరిత్రకారుడి దగ్గర ఆయన పుస్తకం ముగుస్తుంది. నేను సగం వింటూ, సగం చేతి గోరింటాకు ఎంత పండిందో చూసుకునేదాన్ని.

కళ్లలో శుక్లాలు ముదిరే లోపల ఆయన శుద్ధప్రతి రాసేశారు. మరో ప్రతి లేదు. బైండు చేసి పంపితే అచ్చు వేయిస్తామని ఒక సంస్థ వాళ్లు ఒప్పుకున్నారు. ఆ కట్ట నేనే సుల్తాన్ బజార్‌లో బైండింగు చేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. "ఏ దిక్కు కుట్టాలె?" అని అడిగాడు. ఉర్దూ అక్షరం ముక్క రాని నేను, ఎమ్మే చదివేదాన్ని కదా, "అన్ని పుస్తకాలకీ ఎటు కుడతారో అటే" అన్నాను. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, కుట్టూ కుడివైపే పడాలి; తాతగారు కాగితానికి ఒకపక్కే రాసి, కుట్టుకోసం కుడివైపు బెత్తెడు జాగా వదిలారు. ఆ సంగతి ఒకరికి చెప్పాల్సి వస్తుందని ఆయనకు తట్టలేదు. ఎడమవైపు కుట్టడంతో ప్రతి లైనులో చివరి రెండు మూడు మాటలు కుట్టులోకి, జిగురులోకి పోయాయి. విప్పబోతే కాగితం చిరిగింది.

అప్పటికి చూపు ఆనని ఆయన పుస్తకాన్ని వేళ్లతో కుట్టుదాకా తడిమి చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. "ఫికర్ చెయ్యకు. పోయిన మాటలన్నీ నా తలల ఉన్నయి. లైను మొదలు చదివితే చివర నేను చెప్త. వేరే కాయితం మీద రాసుకుందాం" అన్నారు. చదివిపెడతామని ఆయన స్నేహితులు వచ్చారు. ఒప్పుకోలేదు. "చెడగొట్టింది నువ్వు, నువ్వే చదవాలె. జర అలిఫ్, బే నేర్చుకో" అన్నారు నాతో.

ఉర్దూ అక్షరాలు నేర్చుకున్నాను, నత్తనడకన. నేను కూడబలుక్కుంటూ కుట్టుదాకా చదివి ఆగితే, ఆయన కళ్లు మూసుకుని మిగతాది చెప్పేవారు. ఒక్కసారి కూడా తడుముకోలేదు. పదకొండు పేజీలయ్యాయి. అప్పుడు "పరీక్షలయ్యాక చూద్దాం తాతగారూ" అన్నాను. పరీక్షలయ్యాక గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అది కాస్త కుదురుకోనీండి అన్నాను. "ఔ బిడ్డా, తొందరేముంది" అనేవారు. సంస్థ వాళ్లిచ్చిన గడువు దాటిపోయింది. ఆ వానాకాలం ఆయన దవాఖానలో పోయారు.

నాకు ఏడుపు రాలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్లాను, మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను, ఆవకాయ ముక్క కూడా నంజుకున్నాను. లోపల ఏదో మొద్దుబారింది, అంతే. పదోరోజు తాతగారి అమ్మాయి ఆ పుస్తకం తెచ్చి "నీకే ఇయ్యమన్నడు" అంది. ఆ తర్వాత ఉర్దూ సరిగ్గా నేర్చుకున్నాను. ఎవరికోసమో నాకే తెలియదు.

మొన్న ఆదివారం ఇంటికొచ్చి పెట్టెలోంచి ఆ పుస్తకం తీశాను. పన్నెండో పేజీ మొదటి లైను ఎక్కడా తడబడకుండా చదివాను. కుట్టు దగ్గరికొచ్చి, చివరి మాటలు ఆయన చెబుతారన్నట్టు ఆగాను. పరీక్షలయ్యాక అన్నాను కదా. అవి అయిపోయి యాభై ఏళ్లు దాటింది.